రాణమ్మ ముడతలు

ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే పెళ్లికి వెళ్లినంత ముస్తాబు, పన్ను పీకించుకోవడానికి వెళ్లినంత భయం. ఇప్పుడు మా మనవరాలు పళ్లెంలో అన్నం చల్లారిపోతున్నా సరే, ముందు దానికో ఫోటో తీసి తరువాతే తింటుంది. అది చూసినప్పుడల్లా నాకు సికింద్రాబాదులో మా మేనమామ స్టూడియో గుర్తొస్తుంది, దాంతోపాటు కడుపులో దడ కూడా మొదలవుతుంది. (దడ గుండెలో కదా అంటారేమో. నాకు భయమేస్తే ముందు తెలిసేది కడుపుకే. ఎనభై దాటాక ఇంకా దాచుకోవడానికేముంది?)

మామయ్య బందరు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, చర్చిలో సంఘపెద్ద. ఊళ్లో ఆయనకు పేరు తెచ్చింది కెమెరా కాదు, పెన్సిలు. అప్పట్లో ఫోటో గాజుప్లేటు మీద పడేది. సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ ప్లేటు మీద సన్నగా గీస్తూ పోతే కాగితం మీద ముడతలు మాయమయ్యేవి, మశూచి మచ్చలు పూడిపోయేవి. దాన్నే టచింగ్ అనేవాళ్లం. "దేవుడిచ్చిన మొహాన్ని నువ్వు దిద్దడమేమిటయ్యా?" అని పాదిరిగారు మందలిస్తే, "ఆయన ఆరు రోజుల్లో అన్నీ చెయ్యాల్సొచ్చిందండీ, నాకు కాస్త తీరుబడి ఉంది" అన్నాడట. నేను పద్దెనిమిదేళ్లకు ఆయన దగ్గర పనిలో చేరి, ఏడాదిలో ఆ పెన్సిలు పట్టడం నేర్చుకున్నాను.

మా స్టూడియో గౌరవమంతా ఒక్క మనిషి మీద నిలబడి ఉండేది. ఆమె ఒక చిన్న సంస్థానానికి రాణి. పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. బొల్లారంలో ఆమె ఉండే బంగళాలో పనివాళ్ల నుంచి సంస్థానం ఊళ్లలో మేకలు కాసేవాళ్ల దాకా అందరికీ రాణమ్మే. దొరలంటే జనం గజగజలాడే కాలంలో జనం ఆమె బాగుండాలని మొక్కుకునేవాళ్లు. కరువొచ్చిన ఏడు గాదెలన్నీ తెరిపించి, చివరికి తనూ గంజి తాగిందట. ఏటా దసరాకు ముందు మామయ్య వెళ్లి ఆమెను ఫోటో తీసేవాడు. అదే కుర్చీ, అదే తెల్లచీర, అదే చూపు. దసరానాడు ఆమె ఊరికి వెళ్లి జనానికి జమ్మి పంచేది, ఆ ఏటి ఫోటో అక్కడి సంస్థానం కచేరీలో గోడకెక్కేది. పన్నెండేళ్లుగా ఫోటో మారుతూనే ఉంది గానీ, మామయ్య పెన్సిలు పుణ్యమా అని రాణమ్మ వయసు మాత్రం ముప్పై దాటలేదు.

ఆ ఏడు అలా జరగలేదు. రజాకార్ల భయంతో నెలల తరబడి అందరూ తలుపులు వేసుకుని బతికారు. పోలీసు చర్య జరిగి, సైన్యం వచ్చి, ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంది గానీ దారులింకా కుదుటపడలేదు. రాణమ్మను బొల్లారం దాటి వెళ్లొద్దన్నారు. అక్కడ ఊళ్లలోనేమో ఆమెను ఎత్తుకుపోయారని ఒకరు, చంపేశారని ఒకరు. "నేను వోకున్నా నా ఫోటో వోవాలె. బతికున్నట్టన్న తెలుస్తది" అంది రాణమ్మ. ఫోటో మామయ్యే తీశాడు గానీ కంటికురుపు లేచి ఆయన ఒక కన్ను మూసుకుపోయింది. టచింగ్ నా పాలబడింది.

ప్లేటు చూస్తే నాకు జాలేసింది. బుగ్గలు లోపలికి పోయాయి, ముందు జుట్టు నెరిసింది, కళ్ల కింద నలుపు, కనుబొమల మధ్య లోతుగా ఒక గీత. పోయినేటి ఫోటో పక్కన పెట్టుకుని రెండు రోజులు కూర్చుని అన్నీ సరిచేశాను. మామయ్య ఒంటికన్నుతో చూసి, "శభాష్ రా అబ్బాయ్! పోయినేటికీ దీనికీ తేడా నాకే తెలియట్లేదు" అన్నాడు. నేను పొంగిపోయాను. (ఆ మాట వినగానే భయపడాల్సింది. ఉత్తపుణ్యానికి వణికే నాకు అసలైన చోట భయం రాదు.)

ఫోటో ఊరికి వెళ్లిన ఐదో రోజు పొద్దున్నే రాణమ్మ ఊరి పటేలు దాన్ని దుప్పట్లో చుట్టుకుని స్టూడియోకు వచ్చిపడ్డాడు. ఫోటో తీసుకెళ్లింది ఆయనే. ఊళ్లో ఆయన్ని గప్పాల పటేల్ అనేవాళ్లు.

"ఏం జేసిన్రు సార్! ఊరంత పరేషానున్నది. ఫోటో జూసి ఆడోళ్లు ఏడుపు షురూ జేసిన్రు. గిది పోయినేడుదే, రాణమ్మ ఉంటే కొత్తది రాకపోవునా, మనల మోసం జేస్తున్రు అంటున్రు."

"నువ్వు ఆవిణ్ని కళ్లారా చూశావు కదయ్యా, చెప్పలేకపోయావా?" అన్నాడు మామయ్య.

"చెప్పిన సార్. నేను జెప్తే ఎవ్వడు నమ్ముతడు? పోయిన ఎండకాలం మా బాయిల మొసలి పడ్డదన్న. గప్పటి సంది నా మాటకు ఇజ్జత్ లేదు."

"పడిందా?"

"పడలే గని, పడ్డట్టే అనిపించింది సార్." అని, పటేలు గొంతు తగ్గించాడు. "రేపు పొద్దుగాల మూడూర్లోళ్లు నడిచి బొల్లారం బయలెల్తున్రు. ముసలోళ్లు, పిల్లలు సుత. తొవ్వ పొడుగున మిలిటరీ ఉన్నది. గంత మంది గుంపుగ వస్తుంటే వాళ్లేమనుకుంటరు? ఒక్క తుపాకి పేలితే ఎట్ల సార్?"

రాణమ్మ చేతిలో ఇవాళ్టి పేపరు పెట్టి మళ్లీ ఫోటో తీద్దామన్నాను. "సదువు రానోళ్లకు పేపరేం తెలుస్తది బిడ్డా?" అన్నాడు పటేలు. సాయంత్రం రైలుబండికి ఆయన తిరిగి వెళ్లకపోతే జనాన్ని ఆపేవాళ్లు లేరు. మామయ్య పటేలు తెచ్చిన ఫోటోను బల్ల మీద బోర్లించి, "ఆ ప్లేటు తియ్యరా. పెన్సిలంతా తుడిచెయ్" అన్నాడు.

"రాణమ్మ చూస్తే బాధపడదూ?"

"అదేరా నా భయమూను. భర్త పోయినప్పట్నుంచీ ఆవిడ అద్దం ముట్టలేదు. ఈ పన్నెండేళ్లూ తన మొహం తాను చూసుకున్నది నా ఫోటోల్లోనే."

టర్పెంటైనులో ముంచిన దూదితో గాజు మీద మెల్లగా తుడవాలి. కాస్త గట్టిగా రుద్దితే పెన్సిలుతో పాటు రాణమ్మ కూడా వచ్చేస్తుంది. పక్కన మామయ్య "యెహోవా నా కాపరి" అంటున్నాడు, వెనక పటేలు "జల్ది, జెర జల్ది" అంటున్నాడు. చెమట ప్లేటు మీద పడకుండా తలకు తువ్వాలు కట్టుకున్నాను. ఎలాగో తుడిచి, కాగితం మీద ఒకే ఒక్క కాపీ వేసి, రాణమ్మ ఒప్పుకోకుండా ఊరికి పంపకూడదని, తడి ఆరీ ఆరకుండానే బొల్లారానికి టాంగా ఎక్కాం. దారిలో ఒక జవాను కట్ట విప్పించి, ఫోటోను బొటనవేలితో సరిగ్గా బుగ్గ మీద పట్టుకున్నాడు. అతని తుపాకి కన్నా ఆ వేలికే ఎక్కువ భయపడ్డాను.

బంగళాలో మామయ్య నా వెనక నక్కి, "నువ్వే ఇవ్వరా" అని వీపులో పొడిచాడు. నేను జరిగిందంతా నట్లు కొడుతూ చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకుని, ఫోటో చేతికిచ్చాను. రాణమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. చూస్తూనే ఉంది. ఇక మా స్టూడియో మూతబడ్డట్టేనని, నేను బందరు వెళ్లి చేపలు అమ్ముకోవాల్సిందేనని నిశ్చయించుకున్నాను.

"గిదెవరు?" అంది చివరికి.

"మీరేనమ్మగారూ" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"కాదు పిల్లగా. మా అమ్మ." వేలితో కనుబొమల మధ్య గీతను తడుముతోంది. "అచ్చం మా అమ్మ. పోయి ముప్పయ్యేండ్లాయె. ఒక్క ఫోటో లేదు ఆమెది. మొకం సుత మర్సిపోయిన అనుకున్న." తరువాత మామయ్య వైపు తిరిగింది. "ఇన్నేండ్లు గీమెను ఏడ దాచిపెట్టినవ్ సారూ?"

మామయ్యకు కురుపు లేని కంటి నుంచి కూడా నీళ్లు కారాయి. అంతటి ఘట్టంలో పటేలు, "అమ్మా, బండి టైమాయె" అన్నాడు. ఉన్నది ఒక్కటే కాపీ. రాణమ్మ దాన్ని గుండెకు అదుముకుని నిలబడింది, ఇవ్వడం లేదు. పటేలు చెయ్యి చాపి నిలబడ్డాడు, వెనక్కి తీయడం లేదు. రేపు పొద్దున్నే ఇంకొకటి తెస్తానని బైబిలు మీద ఒట్టేసి (చేతిలో బైబిలు లేకపోతే మామయ్య చెయ్యి పట్టుకుని) ఫోటో విడిపించాను. పటేలు పరుగెత్తాడు.

మర్నాడు ఎవరూ బయలుదేరలేదు. ఫోటో చూసి ఆడవాళ్లు మళ్లీ ఏడ్చారట, "అయ్యో, మా తల్లి ఎంత చిక్కిపోయింది!" అని. ఏడ్చి, ఆమెకు బలం రావాలని బుట్టెడు కోడిగుడ్లూ నెయ్యీ పంపారు. పటేలు ఈసారి నిజమే చెప్పాడనడానికి ఆ గుడ్లే సాక్ష్యం. (ఆమె గుడ్డు ముట్టదు. మేం వారం రోజులు తిన్నాం.)

ఆ తరువాత రాణమ్మ తన మొహం మీద పెన్సిలు పెట్టనివ్వలేదు. సంస్థానం పోయింది, నేను స్టూడియో వదిలి రైల్వేలో చేరాను, అయినా ప్రతి దసరాకు సెలవు పెట్టి బొల్లారం వెళ్లి ఆమెను ఫోటో తీశాను. పదహారేళ్లు, పదహారు ఫోటోలు, ఏ ముడత ఎప్పుడొచ్చిందో చెప్పగలను. మామయ్య ఆ పెన్సిలుతో బైబిలులో గీతలు గీసుకునేవాడు.

మొన్న బతికే ఉన్నానని పెన్షను వాళ్లకు చూపించుకోవడానికి కొత్త ఫోటో కావాలంటే సీతాఫల్‌మండిలో ఒక స్టూడియోకు వెళ్లాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి, "తాతా, జెర ఫేస్ క్లీన్ చేసిన, చూడు మస్తుగొచ్చింది" అంది. చూస్తే యాభయ్యేళ్ల మనిషి. అబద్ధమెందుకు, ముచ్చటేసింది. కాసేపు చూసుకున్నాను కూడా.

"నా ముడతలు నాకిచ్చెయ్యి తల్లీ. లేకపోతే పాత ఫోటో అంటారు, నేను పోయాననుకుంటారు" అన్నాను.

అమ్మాయి నవ్వి ఏదో నొక్కింది. ముడతలన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. తెర మీద మా మామయ్య, ఒక కన్ను కాస్త చికిలించి, నన్నే చూస్తున్నాడు.

"ఇంకో కాపీ వెయ్యమ్మా, ఇంటికి" అన్నాను.