రెడ్డెప్ప సారు పెట్టిన ఎనిమిది రోజులు

మదనపల్లె బస్టాండు దగ్గర సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఒకటి ఉంది. మొన్న నా ఫోను పాడైతే తీసుకెళ్ళి ఇచ్చాను. కొట్టాయన దాన్ని విప్పి, కాలిన ఇనుప మొనను టంకానికి ఆనించాడు. సన్నటి తెల్లటి పొగ లేచింది. గుగ్గిలం వేసినట్టు, కాస్త గొంతు పట్టే వాసన. "రేపు రాండమ్మా, ఇచ్చేస్తాను" అని ఆయన రెండుసార్లు చెప్పాడట. నాకు వినబడలేదు. అప్పటికే నేను పుంగనూరు హైస్కూల్లో, పదో తరగతిలో, రెడ్డెప్ప సారు పక్కన కూర్చుని ఉన్నాను.

ఆయన మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. తొంభైల చివర్లో ఎవరో దాత మా బడికి ఒక కంప్యూటరు ఇచ్చారు. హెడ్మాస్టరుగారు దానికి పసుపు కుంకుమ పెట్టి, పూల గుడ్డ కప్పి, గదికి తాళం వేశారు. చూడాలంటే చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. "దేవుణ్ణన్నా దినామూ నిద్ర లేపి స్నానం చేపిస్తాం గద సార్, దీన్ని యాల పండబెట్టినారు?" అని రెడ్డెప్ప సారు నవ్వుతూనే ఆ తాళంచెవి సంపాదించారు. శనివారం మధ్యాహ్నం పని అనుభవం పీరియడు మాకు. అంతవరకూ ఆ పీరియడంటే బడి ఊడ్చి, చెట్లకు నీళ్ళు పోయడమే. సారు వచ్చాక మేం కంప్యూటర్లో గీతలు గీయడం నేర్చుకున్నాం. ఆ గీతలే కరెంటు నడిచే దారులు. వాటిని ఫ్లాపీలో పెట్టుకుని ఆయన బస్సెక్కి మదనపల్లె వెళ్ళి, నున్నటి కాగితం మీద అచ్చు వేయించుకొచ్చేవారు. దాన్ని రాగిరేకు అంటించిన అట్ట మీద బోర్లించి, చాకలి నాగమ్మ దగ్గర అడిగి తెచ్చిన బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దితే మా గీతలు రాగి మీదికి దిగేవి. మందునీళ్ళలో ముంచితే మిగతా రాగి కరిగిపోయి గీతలే మిగిలేవి. మొదటిసారి అది చూసి నేను చప్పట్లు కొట్టాను. ఆ గీతల మీద తీగలూ చిన్న చిన్న భాగాలూ టంకంతో అతికించడం సారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు.

ఏం చేద్దామని అడిగితే మేమంతా వినాయకుడి పందిట్లో పరిగెత్తే రంగు దీపాలన్నాం. ఆయన ఒప్పుకోలేదు. "ఊర్లోకి పోయి ఎవురికి ఏం కావాల్నో అడిగి రాండి. మీకు నచ్చింది చేస్తే ఆటబొమ్మ అవుతాది. వాళ్ళకు పనికొచ్చేది చేస్తే సరుకు అవుతాది" అన్నారు. మేం రెండు వారాలు తిరిగాం. ఎవరిని కదిపినా ఒకటే గోడు. మోటార్లకు కావలసిన త్రీఫేజు కరెంటు రోజుకు కొద్ది గంటలే వస్తుంది, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇంకో పనికి పోకుండా మోటారు దగ్గరే పడిగాపులు పడాలి. అందుకే మేం గంట చేశాం. త్రీఫేజు రాగానే తోటంతా వినబడేలా మోగే గంట. వెల మేమే కట్టాలి, మేమే వెళ్ళి అమ్మాలి, పాడైతే మేమే వెళ్ళి బాగుచేయాలి. సారు పెట్టిన కట్టుబాటు మాత్రం ఒకటుండేది. తయారైన గంటను తెలిసినవాళ్ళ మోటారు దగ్గర ఎనిమిది రోజులు పెట్టి, రోజూ మోగిందో లేదో నోటుబుక్కులో రాయాలి. ఆ తర్వాతే అమ్మకం.

నాకు అప్పుడు ఒళ్ళంతా పోటీయే. మగపిల్లల జట్టు గంట ఆరో రోజులో ఉంది, నాది రెండో రోజులో. బడిలో మొదటి గంట నేనే అమ్మాలి. మా మేనమామ తోటలో రెండు రోజులు మోగింది కదా, ఇక మోగకేం చేస్తుందనుకున్నాను. మిగిలిన ఆరు రోజులూ ఒక్క సాయంత్రం కూర్చుని రాసేశాను. అనుమానం రాకుండా ఒకరోజుకు నీలం పెన్ను, ఒకరోజుకు నలుపు పెన్ను. వెనకటి తారీఖులు కూడా వేసుకున్నాను. చదువులో లేని తెలివి ఇలాంటి వాటికి ఎక్కడినుంచి వస్తుందో! సారు ఆ పేజీ చూసి, నా ముఖం చూసి, సంతకం పెట్టారు.

గంట కొన్నది మునెప్ప. ఊరి బయట తోటలో గుడిసె వేసుకుని టమోటా పెట్టే రైతు. బిగించిన రోజున మోగితే ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వి, నా ఒడినిండా వేరుశెనక్కాయలు పోశాడు. "ఇంగ మోటారు కాడ కావిలి కూసోబల్లేదు. బలే పని జేసినావు పాపా" అన్నాడు. నేను ఆ రోజు ఊరంతా తిరిగి చెప్పుకున్నాను.

పది రోజులకు మునెప్ప బడికి వచ్చాడు. ఒక చేతిలో గంట, ఇంకో చేతిలో వాడిపోయి తల వాల్చేసిన టమోటా నారు. కొత్తగా నాటిన మడి, పైగా ఎండలు ముదురుతున్న రోజులు. గంట మోగుతుందన్న ధీమాతో ఆయన పక్క తోటలో కూలికి వెళ్ళాడు. రెండు రోజులు వరుసగా కరెంటు వచ్చి పోయింది. గంట మోగలేదు.

"యాల మోగలేదు సార్ ఇది? పిలకాయలు చేసినారని నమ్మితి. మడంతా ఎండిపాయ" అన్నాడు. గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువ ఉంది.

సారు గంట విప్పి, అడుగుభాగం తిప్పి వెలుతురులో చాలాసేపు చూశారు. ఒకచోట టంకం సరిగ్గా అతుక్కోలేదు. తీగ ఊడి ఉంది. తేలు కుట్టిన దొంగలా నేను బెంచీలో కూర్చున్నాను. సారు ఎవరివైపూ చూడకుండా, "తప్పు నాది మునెప్పా. ఆడ టంకం ఏసింది నేనే" అన్నారు.

నేను లేచి నిలబడలేదు. రెండు ఆదివారాలు సారు వేరే నారు తెచ్చి మునెప్ప మడిలో తనే నాటారని తర్వాత తెలిసింది. అప్పుడూ నోరు విప్పలేదు. మరుసటి శనివారం గదికి తాళం ఉంది. హెడ్మాస్టరు ఆపించేశారని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా కూడా ఉండింది. ఏడాది తిరగకముందే సారు కుప్పానికి బదిలీ మీద వెళ్ళిపోయారు.

చదువయ్యాక, రెండువేల సంవత్సరం దాటాక, నేనూ కుప్పంలోనే తేలాను. అక్కడి పల్లెల్లో కంప్యూటరు నేర్పే ఉద్యోగం. సారు పనిచేసే బడి ఎక్కడో తెలిసి కూడా ఆరునెలలు ఆ దారిన పోలేదు. ఆయన రిటైరవుతున్నారని విన్నాక ఇక ఆగలేక వెళ్ళాను. వరండాలో పేపర్లు దిద్దుతున్నారు. "సుగుణ గదా?" అని కుర్చీ లాగారు. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. రెండు రోజులే చూశానని, ఆరు రోజులు దొంగరాతలని, ఆ టంకం నాదేనని.

"తెలుసమ్మా" అన్నారాయన. "ఒగొగరి టంకం ఒగొగరి చేతిరాత మాదిరే ఉంటాది. నీది నాకు తెలీదా?"

"మరి మీరే వేశారని ఎందుకన్నారు సార్?"

"అందరి ముందర నిన్ను నిలబెట్టడం ఇష్టం లేకపోయ. నువ్వే వస్తావు లెమ్మనుకున్నా. వారమంతా సాయంత్రం ఆ గదిలోనే ఉంటి. నువ్వొస్తే ఇద్దరం పోయి మునెప్పకు చెప్పి, ఇంగోటి చేసిద్దామని. నువ్వు రాలేదు. శనివారం నేనే తాళమేసినా. గంట చేసేది నేర్పించినాను గానీ, చేసింది నాదేనని చెప్పుకునేది నేర్పించలేకపోతినే అని."

హెడ్మాస్టరు కాదు. ఆ గదిని మూయించింది నేను. మళ్ళీ మొదలుపెడదాం సార్, నేను తోడుంటాను అన్నాను ఏడుస్తూ. "కండ్లు ఆనడంలేదమ్మా ఇప్పుడు" అని ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత, కోపం ఏమాత్రం లేకుండా అడిగారు. "అయినా నాకు యాల చెప్తాండావు? ఎండింది నా మడి కాదు గదా. మునెప్పకు చెప్పినావా?"

ఆ మాట నాకు అంతవరకూ తట్టనే లేదు. వారంలోపే పుంగనూరు వెళ్ళాను. తోటలో గుడిసె లేదు. మళ్ళకు బదులు ఇళ్ళస్థలాల హద్దురాళ్ళు వరుసగా పాతి ఉన్నాయి. బోర్లు ఎండిపోతే మునెప్ప భూమి అమ్ముకుని, పెళ్ళాంబిడ్డలతో బెంగళూరు పక్క పనికి పోయాడని పక్కతోట ఆయన చెప్పాడు. ఏ పేటలో ఉన్నాడో ఆయనకు తెలియదు. "ఏం పనమ్మా ఆయప్పతో?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

పలమనేరులో, కలికిరిలో, ఎక్కడ నారుబుట్టతో ఒక ముసలాయన కనబడినా నేను బస్సు దిగి ముఖం చూస్తాను. ఇంతవరకూ ఒక్కరూ మునెప్ప కాలేదు. చెప్పవలసింది ఒక్క వాక్యమే. "మునెప్పా, ఆ టంకం సారుది కాదు, నాది."