పుర్రెతో చూసిన బోరు పాయింటు

ఆ రోజుల్లో మా బెళుగుప్ప వైపు, భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పగలిగినవాడికి ఎమ్మెల్యే కన్నా ఎక్కువ మర్యాద జరిగేది. అరచేతిలో టెంకాయ నిలబెట్టి చూసేవాడొకడు, వేపపుల్ల పట్టుకుని పొలమంతా తిరిగేవాడొకడు. ఆ మహానుభావుల సరసన, పాతికేళ్లు నిండని నేను కూడా ఒక మధ్యాహ్నం వెలిగాను. నా అర్హత ఒక్కటే: నా పుర్రెలో మర ఉంది.

చిన్నప్పటి నుంచీ నా రెండు చెవులూ చీము కారేవి (మా ఇలాకాలో ఏడాది పొడవునా పారినవి అవి మాత్రమే). దాంతో వినికిడి పోయింది, ఆ చీముకు చెవిలో పెట్టుకునే మిషనూ కుదరలేదు. బెంగళూరు డాక్టరు చెవి వెనక ఎముకలో స్క్రూ లాంటి చిన్న మర దించి, దాని మీద అగ్గిపెట్టెలో సగం ఉండే డబ్బీ తగిలించాడు. శబ్దం చెవి రంధ్రం జోలికి పోకుండా ఎముక గుండానే లోపలికి చేరుతుంది. ఊరికి రాగానే మా మేనమామ దగ్గర కోతలు కోశాను. "చెవితో పన్లేదు మామా, ఎముకతోనే ఇంటాండా. గోడకు తలానిస్తే గోడ మాట్లాడతాది!" మామ నవ్వలేదు. వాడిపోతున్న తన చీనీ చెట్ల వైపు చూశాడు (బయటివాళ్లు బత్తాయి అంటారు). అప్పటికి వేసిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి. ఆ ఎండాకాలం దాటించలేకపోతే తోటంతా కట్టెలకే. "అయితే అల్లుడా," అన్నాడు నిదానంగా, "నేలకు గూడా ఆనించు."

అలా నేను చీనీ తోటలో బోర్లా పడుకుని డబ్బీని నేలకు అదిమాను. సగం మండలం చుట్టూ చేరింది (మిగతా సగానికి బస్సు దొరకలేదు). "గమ్మునుండండప్పా! ఊపిరి గూడా పీల్చొద్దండి!" అని మామ గదిమాడు. దారిన పోతున్న గొర్రెల మంద సైతం ఆగింది. అప్పుడు వినబడింది, సన్నగా, ఆగకుండా: "కుయ్..."

"ఏందో కూత ఇనపడతాండాది మామా! అది నీళ్లదో కాదో మాత్రం..."

అక్కడ నిలబడ్డవాళ్లందరి చెవులూ భేషైనవే. అయినా నా రెండో వాక్యం ఒక్కరికీ వినపడలేదు. నా తల ఉన్నచోట రాయి పాతి, పసుపు కుంకుమ చల్లి, అత్త టెంకాయ కొట్టేసింది.

మరుసటి రోజు భోంచేసి మంచం మీద ఒరిగాను. దిండు "కుయ్..." అంది. గోడకు తలానిస్తే గోడ కూడా "కుయ్..." అంది. డబ్బీని దేనికి అదిమినా తనంతట తానే కూస్తోంది! ఆ లెక్కన మా అత్త దిండులో ఏరు పారుతోంది. చెప్పులైనా వేసుకోకుండా తోటకు పరుగెత్తాను. అప్పటికే రిగ్గు రాతిని పొడుస్తూ తెల్లటి దుమ్ము ఎగజిమ్ముతోంది.

"నిలిపేయ్ మామా! కూసింది నీళ్లు గాదు, నా డబ్బీనే!"

మామ కనురెప్పల మీద కూడా దుమ్మే. "కూస్తే కూసిందిలేరా. యాడో ఒకచోట పొడవల్ల గదా. టెంకాయ జెప్పిన కాడ పొడిస్తి, పుల్ల జెప్పిన కాడ పొడిస్తి. నువ్వన్నా సొంత అల్లునివి."

"పడకపోతే?"

"పడకపోతే నీ తల తిప్పి ఇంగో పక్క ఆనిద్దాం. గమ్మున నిలబడు."

నిలబడ్డాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెట్లనే చూస్తోంది, పొరపాటున కూడా నా వైపు చూడలేదు. సాయంత్రమైంది. రిగ్గు ఈపాటికి భూమికి అవతలి వైపు తేలి ఉంటుందని నేను లెక్కలు వేసుకుంటుండగా దుమ్ము రంగు మారింది. మొదట తడి మట్టి, తరవాత బురద, ఆ తరవాత ఒక్కసారిగా నీళ్లు తాటిచెట్టంత ఎత్తున ఎగదన్నాయి.

డబ్బీకి నీళ్లు తగలకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు. చటుక్కున పీకి తువ్వాల్లో చుట్టేశాను. కాబట్టి నా జీవితంలోని ఏకైక ఘనవిజయం నాకు మూగబొమ్మలాటలా జరిగింది. నోళ్లు తెరిచి ఎగురుతున్న జనం, బురదలో కూలబడి ఏడుస్తూ నవ్వుతున్న అత్త, నన్ను భుజాలకెత్తుకుని ఏదేదో అరుస్తున్న మామ. నేను పైనుంచి, అన్నీ విన్నవాడిలా, హుందాగా తల ఊపాను.

ఆ కేకలెలా ఉన్నాయో తెలుసుకోవాలన్న ఆశ ఇప్పటికీ చావలేదు. మొన్న మామనే అడిగాను. "ఆ పొద్దు నన్నెత్తుకొని ఏమని అరిస్తివి మామా?"

మామ చీనీకాయ ఒలిచి ఒక తొన నా చేతిలో పెట్టాడు. "నడుము పట్టేసిందిరో, వీణ్ణి దింపండ్రో అని అరిస్తి."

పాపం, ఆ భుజాల మీది కుర్రవాడు దానికి కూడా తల ఊపే ఉంటాడు.