చెవి దగ్గర వంచి చూసే కర్ర

మా ఇంట్లో లచక్‌దార్ అన్న మాట ఊరికే వాడరు. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కే ఇల్లు మాది. కొండ మీంచి వచ్చిన కర్రను మా అబ్బా స్పూను కాడలుగా చీల్చి, ఎండబెట్టి, ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకొని వంచి చూస్తారు. చప్పుడు లేకుండా వంగి, వదలగానే తిన్నగా నిలబడితే అది లచక్‌దార్. లోపలెక్కడైనా చిటుక్కుమందా, పైకి ఎంత నున్నగా ఉన్నా పొయ్యి కుప్పలోకే. సాయంత్రం అమ్మీ బుట్ట తెచ్చి ఆ కుప్ప ఎత్తుకుపోతుంది. ఆ కర్రలతోనే మాకు అన్నం ఉడుకుతుంది.

వంగేదల్లా లచక్‌దార్ అనుకుంటారు తెలియనివాళ్లు. తడిగుడ్డ కూడా వంగుతుంది, దాన్ని ఎవడు మెచ్చుకుంటాడు? వంగింది తిరిగి రావాలి.

ఆత్మకూరులో ఉండే మా మామూ నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. పోయిన వానాకాలం వచ్చినప్పుడు, అబ్బా స్పూను కాడలో జల్లెడలాంటి జాలీ చెక్కుతుంటే చూస్తూ కూర్చున్నాడు. బియ్యపు గింజంత కంతలు తీయాలంటే ఉలి పదును ఒక్కటే చాలదు, మణికట్టు తిరగాలి.

"నీ చెయ్యి లచక్‌దార్‌గా ఉండాది బావా" అనేశాడు.

మనిషిని ఆ మాట అనరు మా ఇంట్లో, దిష్టి. అమ్మీ వెంటనే ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదంటే దిష్టి తగిలినట్టే అంటారు. మాలో ఒక్కరం కూడా దగ్గలేదు.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా భయమేసింది, దాచడమెందుకు. ఆ తర్వాత అబ్బా పొద్దున్నే వేన్నీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టుకొని కూర్చోవడం మొదలైంది. జాలీ పని నాకిచ్చి తాను ఆకురాయి పట్టుకున్నారు. అడిగితే చలి అన్నారు. ఎండలు ముదిరాక కూడా చలే అన్నారు. ఆస్పత్రికి పోదామంటే వినరు. ఆ చెయ్యి పోతే ఆయనకు ఇంకేం మిగులుతుంది?

మొన్న నా ఎదురుగా కూర్చొని కాడలు ఏరుతున్నారు. ఒకదాన్ని వంచి చూసి, బాగుందని పక్కన పెట్టారు. తర్వాత, నేనక్కడ లేనట్టే, తన మణికట్టును చెవి దగ్గరకు తెచ్చుకొని మెల్లగా వంచారు. చిటుక్కుమంది. నాక్కూడా వినబడింది. వంగిన చెయ్యి తిన్నగా రాలేదు, ఎడమచేత్తో పట్టుకొని లాక్కున్నారు.

నన్ను చూసి నవ్వారు.

"ఏంది బేటీ, దీన్ని ఏ కుప్పలో ఎయ్యాల?"

అప్పుడే అమ్మీ బుట్టతో వచ్చింది. పొయ్యి కుప్ప నిండుగా ఉంది. ఇవాళ ఏమీ లేవని చెప్పి, ఒట్టి బుట్టతోనే ఆమెను వెనక్కి పంపేశాను.