కాలి మీద ఫిడేలు

మా అవ్వ లెక్కలో ఫిడేలు దొరల సామాను. దొరల టోపీ, దొరల కుర్చీ, దొరల ఫిడేలు, ఆవిడకు అన్నీ ఒకటే. డెబ్బైలలో చిత్తూరులో నేను ఫిడేలు నేర్చుకోగలిగింది కూడా అందుకే.

దొరలు దాన్ని గడ్డం కింద ఇరికించుకుని, నిలబడి వాయిస్తారట. మనవాళ్ళు దాన్ని నేల మీదికి దించారు. బాసింపట్టు వేసుకుని, కుడికాలు కాస్త ముందుకు జరిపి, ఫిడేలు తలను చీలమండ మీద ఆనించి వాయిస్తాం. అలా ఆనిస్తేనే ఎడమచెయ్యి తీగ మీద ఇష్టమొచ్చినట్టు జారుతుంది, గమకం పలుకుతుంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇల్లు మాది. అయినా అవ్వ, “దొరలదే గదా, పెట్టుకో” అనేది.

ఆ ఏడు విజయదశమికి మద్రాసు నుంచి ఒక పెద్ద గాయకుడి కచేరీ. ఆయన ఫిడేలు విద్వాంసుడికి జ్వరం వచ్చింది. మా గురువుగారు నన్ను పక్కన కూర్చోమన్నారు. నాయన షరతు పెట్టాడు: “బాగా వాయిస్తే తిరపతిలో సంగీతం సదువుకి పంపిస్తా. లేదంటే గీకినకాడికి సాలు, వచ్చి అంగట్లో కూర్సో.”

భయంతో నేనొక తెలివితక్కువ పని చేశాను. ముందురోజు సరస్వతీ పూజలో, ఏటా పూజనాడు బీరువాలోనే ఉండిపోయే ఫిడేలును తెచ్చి పుస్తకాల పక్కన పెట్టాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను. అవ్వే హారతిచ్చింది. మర్నాడు పొద్దున సాధనకు కూర్చుని కాలు జరిపానో లేదో, “యాడ పెడతా ఉండావే?” అని అరిచింది.

“కాలి మీదే కదవ్వా, ఎప్పుడూ పెట్టేదే.”

“నిన్నటిదాకా దొరల సామాను. బొట్టు పెట్టి అమ్మోరిని సేసినావు. ఇంక కాలి మీద పెడితే కండ్లు పోతాయి.”

బొట్టు పెట్టిన నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది. అవ్వ వదల్లేదు, కాలి మీద పెట్టనని ఒట్టు వేయించుకుంది.

సాయంత్రం వేదికెక్కి, దొరల మాదిరి గడ్డం కింద పెట్టుకున్నాను. దొరల గడ్డాలు ఎలాంటివో గానీ, నా గడ్డం కింద అది నిలవలేదు. చెయ్యి జారిస్తే ఫిడేలూ జారింది. గాయకుడు రాగం ఎత్తుకుని, ఆపి, అందుకోమన్నట్టు నా వైపు చూశాడు. నేను ఫిడేలు కింద పడకుండా చూసుకునే పనిలో ఉన్నాను. ఆయన మర్యాదస్తుడు, రెండోసారి చూడలేదు. వెనక వరసలో నాయన లేవబోతూ కండువా సర్దుకున్నాడు. తిరుపతి పోయినట్టే అనుకున్నాను.

ముందు వరసలోంచి అవ్వ లేచింది. సభంతా వినేటట్టు, “కాలి మీద పెట్టుకోవే! ఆ పాపమేదో నాకే రానీ!” అంది.

పెట్టుకున్నాను. తర్వాత ఏం వాయించానో గుర్తులేదు. గాయకుడు ఒకసారి శభాష్ అనడం, నాయన మళ్ళీ కూర్చోవడం మాత్రం గుర్తున్నాయి.

ఇంటికి రాగానే అవ్వ ఫిడేలును పీట మీద పెట్టమంది. దాని ఎదుట రెండు చెవులూ పట్టుకుని గుంజీళ్ళు తీసింది. ఒకటి. రెండు. మూడోదానికి కూర్చుని లేవలేకపోయింది.

“సూస్తా ఉండావేమే, లేపు!”

ఏడుస్తూ లేపాను.

“తిరపతిలో దినామూ వాయిస్తావు గదా,” అంది మోకాళ్ళు రుద్దుకుంటూ. “నాకింక దినామూ ఇదే పని.”