వస్తాది

గుండ్లదొడ్డిలో వాన గురించి ఎవరూ "రాదు" అనరు. ఆకాశంలో గోరంత మబ్బు లేకపోయినా, వేరుశనగ చేలోనే మాడిపోయినా, "వాన వస్తాదా?" అని అడిగితే "వస్తాది" అనే చెప్పాలి. రాదంటే నోటి కీడు తగులుతుందని ఆ ఊరి భయం. పుష్పావతి కూడా ఊహ తెలిసినప్పటి నుంచీ అట్లాగే చెబుతూ వచ్చింది. ఆ అలవాటే ఆమె కొంప ముంచింది.

ఆమె రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో పనిచేస్తుంది. పదేళ్లుగా ప్యాంట్ల వెనక జేబులే కుడుతోంది. ఎంత తోమినా గోళ్ల సందుల్లో నీలం రంగు పోదు. మొగుడు వీరేష్ గొర్రెలు మేపుతాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, హేమ. ఇంటర్ దాకా హాస్టల్లో ఉండి చదివి, పోయిన ఏడాది రాయదుర్గంలో డిగ్రీలో చేరింది. ఊళ్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి ఆడపిల్ల. ఆ సంగతి పుష్పావతి చెప్పని మనిషి లేడు. యూనిట్‌లో మాస్టరుకైతే రెండుసార్లు చెప్పింది.

చిక్కంతా బస్సుతోనే. కరోనా నాడు ఆగిపోయిన బస్సు మళ్లీ ఆ ఊరి ముఖం చూడలేదు. బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ అక్కర్లేదని ప్రకటించిన రోజున గుండ్లదొడ్డి ఆడవాళ్లు కడుపుబ్బా నవ్వుకున్నారు. టికెట్టూ లేదు, బస్సూ లేదు, సరిపోయింది. కుట్టుపనికి పోయేవాళ్ల కోసం యూనిట్ వ్యాను వస్తుంది గాని, అందులో పనివాళ్లను తప్ప ఇంకెవరినీ ఎక్కించరు. కూతురి కోసం పుష్పావతి ఓనరు కాళ్లావేళ్లా పడింది. ఒకరిని ఎక్కిస్తే పదిమంది అడుగుతారని అతను ఒప్పుకోలేదు. దాంతో హేమ నాలుగు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కి, జనాన్ని కుక్కిన ఆటోలో కాలేజీకి పోయేది. దసరా సెలవుల ముందు ఆ ఆటో కల్వర్టు దగ్గర బోల్తా కొట్టింది. హేమ మోచేయి విరిగింది. పక్కనే కూర్చున్న మౌనిక అనే పిల్ల బతకలేదు.

చేతికట్టు విప్పిన రోజు వీరేష్ తేల్చి చెప్పాడు.

"బస్సొస్తే పోనీ. లేదంటే ఈ ఏడాదితో సరి. మౌనిక వాళ్ల నాయన మాదిరి నేను ఆస్పత్రి ముందర కూర్చోలేను."

పుష్పావతి కంటికీ మూడు నెలలుగా ఆ కల్వర్టే కనిపిస్తోంది. అయినా చదువు మాన్పించడానికి మనసొప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే శాసనసభ కమిటీ ఒకటి ఊరికి వస్తోందని ఊరి సచివాలయంలో పనిచేసే విజయభాస్కర్ కబురు తెచ్చాడు. రాష్ట్రమంతటికీ ఐదేళ్ల రవాణా ప్రణాళిక తయారవుతోందట. అందులో బస్సు లేని ఊళ్ల జాబితా ఉందట. అధికారులు రాసింది నిజమో కాదో ఎమ్మెల్యేలే ఊరూరా తిరిగి చూస్తారట. జాబితాలో గుండ్లదొడ్డి పేరుంది. అది నిలిస్తే జూన్‌కల్లా బస్సు. హేమ ఆ రోజే అర్జీ రాసి తల్లి చేతిలో పెట్టింది.

కమిటీ వచ్చే రోజు తెల్లారేసరికి రచ్చకట్ట ముందు బస్సొకటి నిలబడి ఉంది. శుభ్రంగా కడిగి, గుండ్లదొడ్డి అని బోర్డు పెట్టి, బంతిపూల దండ కూడా వేశారు. పంపిన డిపోవాళ్లకు సిగ్గు లేకపోయినా ఓపిక మాత్రం ఉంది. అది కమిటీ కంటికి చూపించే ఆ ఒక్క పూట ముచ్చటేనని ఊరివాళ్లకు తట్టలేదు. ముసలివాళ్లు ఎక్కి దిగారు. పుష్పావతి కళ్లు తుడుచుకుంది.

కమిటీ ఛైర్మన్ కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. కారు దిగి, అందరికంటే ముందు నిలబడ్డ పుష్పావతినే పలకరించాడు.

"ఏమ్మా, మీ ఊరికి బస్సు వస్తుందా?"

రోజూ వస్తోందా అని ఆయన అడిగాడు. ఇకమీదట వస్తుందని నమ్మకముందా అని ఆమెకు వినిపించింది. ఎదురుగా దండ వేసిన బస్సు, ఎదురుగా ఇంత పెద్దమనిషి. అంత మంచి గడియలో రాదని నోరెట్లా వస్తుంది? చేతులు జోడించింది.

"వస్తాది సార్."

ఛైర్మన్ సంతోషంగా తలాడించాడు. వెనకనున్న ఉద్యోగి ఆమె పేరడిగి రాసుకున్నాడు. పుష్పావతి అర్జీ ఇవ్వబోయి ఆగింది. మేలు చేయడానికి వచ్చిన మనిషి చేతిలో ఫిర్యాదు పెడితే ఏం బాగుంటుందని, కాగితం మడిచి నడుముకు దోపుకుంది. అంత మర్యాద ఈ లోకానికి పనికిరాదు. కార్లు కదిలాయి, వాటి వెనకే బస్సూ పోయింది. మర్నాడు రాలేదు. జూన్‌లో వస్తుందిలే అనుకుంది.

మే నెలలో విజయభాస్కర్ కమిటీ నివేదికను ఫోనులో చూపించాడు. హేమ పైకి చదివింది. బస్సు వస్తోందని గ్రామస్తురాలు పుష్పావతి సభ్యులకు స్వయంగా తెలిపారనీ, కావున గుండ్లదొడ్డి పేరును జాబితా నుంచి తొలగించడమైనదనీ అందులో ఉంది. తన పేరు వినగానే పుష్పావతి మురిసిపోయింది. మిగతాది అర్థమయ్యాక మళ్లీ చదవమంది.

"నేనట్లా చెప్పలేదే. వస్తాది అంటి, అంతే."

"నువ్వు రేపటి మాట చెప్తివమ్మా. వాళ్లు ఈపొద్దు మాట రాసుకున్నారు," అంది హేమ. ఆ గొంతులో తప్పుపట్టడం లేదు. అదే తల్లిని ఎక్కువ కోసింది.

పుష్పావతి ఒక రోజు పని మానుకుని పాత అర్జీ పట్టుకుని డిపోకు పోయింది. నీ నోటితో చెప్పిందే కదమ్మా, సభ రికార్డులోకి ఎక్కిపోయింది, మేమేం చేసేది అన్నారు. కమిటీకి ఉత్తరం రాయించింది. ప్రణాళిక సభ ముందుకు వెళ్లిపోయిందనీ, ఈ విషయం ఐదేళ్ల తర్వాత చూస్తామనీ రెండు వరుసల జవాబు వచ్చింది.

వీరేష్ ఎప్పటిలాగే గొర్రెలు తోలుకుపోయాడు. తిట్టినా బాగుండేది. జూన్ మొదటి వారంలో హేమ తనంతట తానే యూనిట్‌లో చేరింది. విరిగిన మోచేయి పూర్తిగా సాగదు కాబట్టి మిషను ఇవ్వలేదు. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పనిలో పెట్టారు. ఇప్పుడు వ్యానులో ఆ పిల్లకు సీటుంది.

మొన్న పొద్దున తల్లీకూతుళ్లు టిఫిన్ డబ్బాలతో రచ్చకట్ట దగ్గర నిలబడి ఉన్నారు. పడమట కొంచెం మబ్బు పట్టింది. గొర్రెలు తోలుకుపోతున్న ఓబన్న ఆగి, పైకి చూసి, అందరినీ అడిగేదే అడిగాడు.

"ఏం పుష్పావతీ, వాన వస్తాదంటావా?"

"రాదన్నా," అంది.

ఓబన్న ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు. అరవై ఏళ్లలో ఆ ఊళ్లో ఆ మాట అతను వినలేదు. హేమ తల్లి చెయ్యి పట్టుకుంది. ఇంతలో వ్యాను వచ్చింది. ఇద్దరూ ఎక్కారు.