చక్రాల మీద పున్నమ్మ ఇల్లు

పొదిలి పున్నమ్మ ట్రక్కులో ఏసీ పెట్టించుకుందట. ఈ మాట అద్దంకిలో ఒక టీకొట్టు దగ్గర పుట్టి, మిర్చి చేల గట్ల మీదుగా ప్రత్తిపాడు చేరేసరికి కాళ్ళూ చేతులూ మొలిపించుకుంది. ఒకడు టీవీ కూడా ఉందన్నాడు. ఇంకొకడు పట్టు పరుపులు తన కళ్ళతో చూశానని ఒట్టేశాడు. కూలికొచ్చిన మనిషికి అంత వైభోగమా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఎక్కువ.

పున్నమ్మ మిర్చి కోతల ముఠాకి మేస్త్రి. పొదిలి పక్కన మెట్ట ఊరు ఆవిడది. ఊళ్ళో ఆడవాళ్ళని పోగేసుకుని ఏటా గుంటూరు వైపు కోతలకి పోయి, ఎండలు ముదిరాక తిరిగొస్తుంది. అక్కడున్నన్నాళ్ళూ చేను పక్కనే టార్పాలిన్ పట్టాలు కట్టుకుని బతకాలి. పట్టా కింద నిద్ర ఎలాగోలా పట్టేది. స్నానమే పెద్ద గండం. పగలంతా కాయ కోసిన ఒళ్ళు సాయంత్రానికి నిప్పుల కుంపటి. వెంట వచ్చిన మగవాళ్ళు బోరు దగ్గర నిలబడి నాలుగు చెంబులు గుమ్మరించుకునేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం ఆ మంటతోనే, పొద్దు ఎప్పుడు పూర్తిగా గుంకుతుందా అని కూర్చునేవాళ్ళు.

కిందటేడు కోతలు ముగించి ఊరు చేరిన రోజునే రాజేశ్వరి తేల్చి చెప్పేసింది. వరసకి కోడలు, మాట కొరడా. ముఠాలో ఆడవాళ్ళంతా ఆమె ఎటంటే అటే.

"అత్తా, వచ్చే ఏడు తలుపున్న స్నానాల గది చూపిస్తేనే మేం వచ్చేది. లేదంటే నువ్వూ మావయ్యా పోయి కోసుకోండి."

"చేలో గది ఎవడు కడతాడే?"

"మేస్త్రివి నువ్వా, నేనా?"

ముఠా చెదిరితే రైతులు వేరే మేస్త్రికి కబురు పెడతారు. ఒకసారి పోయిన చేను మళ్ళీ రాదు. ఇరవయ్యేళ్ళుగా నిలబెట్టుకున్న పేరు ఒక్క ఏడుతో మట్టిలో కలుస్తుంది.

పెరట్లో పాత ట్రాక్టరు ట్రక్కు ఒకటి తుప్పు పట్టి పడి ఉంది. పొగాకు మోసి మోసి అలిసిపోయిన బండి. ఆవిడ చూపు దాని మీద పడింది.

"కొంపకి చక్రాలు కడతావా? గాలొస్తే ఒంగోలు సముద్రంలో తేలతావు" అని నవ్వాడు భర్త యలమందయ్య. నవ్వుతూనే ట్రక్కుకి టైర్లు మార్చాడు. ఆయన ట్రాక్టరు తోలతాడు, చక్రమంటే చాలు చెయ్యి ఊరుకోదు.

వెల్డింగు హుస్సేన్ సాహెబ్‌ది. పున్నమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది.

"వెనక వైపు గది, గది నెత్తిన నీళ్ళ డ్రమ్ము బాబాయ్."

"వెనక బరువేస్తే ముందు లేస్తుందమ్మా. మీ ఆయన ట్రాక్టరు గుర్రంలాగా రెండు కాళ్ళ మీద నిలబడుద్ది."

"అయితే డ్రమ్ముని ముందుకి జరుపు. నీళ్ళు పైపులో నడిచొస్తాయిలే."

అలాగే చేశారు. ఇనప పైపుల చట్రం లేచింది, రేకులు ఎక్కాయి. రోడ్డు మీద రేకులు గలగలమనకుండా సందుల్లో సైకిలు ట్యూబు ముక్కలు కూరింది పున్నమ్మ. పడుకునే బల్లలకి బందులు వేసి, పగలు గోడకి మడతపెట్టేలా చేసింది. ఎండకి రేకు కాలకుండా లోపల ఇంకో రేకు వేసి, రెండింటి మధ్యా గోతాలు దట్టించింది. ఊరికే దొరికేవి మిర్చి గోతాలే. బాగా దులిపాకే పెట్టాననుకుంది.

ముఠాని చూడటానికి పిలిచింది మిట్టమధ్యాహ్నం. ఆడవాళ్ళు ఎక్కారు, బల్లలు తట్టారు, మెచ్చుకోబోయారు. ఈలోగా రేకు వేడెక్కి గోతాల్లో దాక్కున్న ఘాటంతా బయటికొచ్చింది. ఒకరి తుమ్ముకి ఇంకొకరి తుమ్ము దరువు. కళ్ళు తుడుచుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ అందరూ కిందికి దూకారు.

"ఏంటత్తా ఇది? చేనుని తెచ్చి ఇంట్లో పెట్టావా? దిష్టి తీస్తున్నావా మాకు?" రాజేశ్వరి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అరిచింది.

ఊరంతా పడీపడీ నవ్వింది. పున్నమ్మ ఏడవలేదు. లోపలి రేకులు ఊడదీసి, గోతాలు లాగి పారేసి, అంతా కడిగి ఆరబెట్టింది. యలమందయ్య గడ్డి తోలడానికి పొన్నూరు పోతుంటే తనూ ఎక్కింది. అక్కడ కాలవ గట్ల మీద మనిషెత్తు జమ్ము. కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి తెచ్చి గోతాలున్న చోట పేర్చింది. రేకు కాలుతున్నా లోపల మట్టి కుండ పక్కన కూర్చున్నట్టే ఉంది.

కోతల కబురు రాగానే ఆడవాళ్ళు మూటలతో వచ్చారు గాని మాట ఇవ్వలేదు. "స్నానం చేసి చూస్తాం. కుదరకపోతే తెల్లారి బస్సెక్కుతాం" అంది రాజేశ్వరి.

ప్రత్తిపాడు చేలో మొదటి రోజు కోత అయింది. ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. రాజేశ్వరి చెంగు బిగించి ట్రక్కు ఎక్కింది, గదిలోకి పోయింది. లోపలి గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది. కుళాయి తిప్పగానే పైపు గరగరమంది, ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నీళ్ళు రేకు మీద ధారగా పడ్డాయి. పడుతూనే ఉన్నాయి.

"ఒసేయ్, డ్రమ్మంతా నువ్వే తాగుతున్నావా? మాకూ ఉంచు!" బయట ఆడవాళ్ళ గోల.

జుట్టు నీళ్ళు కారుతుండగా రాజేశ్వరి బయటికొచ్చింది. అందరూ ఆమె మొహం వంకే చూస్తున్నారు.

"అత్తా, లోపల అద్దం లేదేం?"

ఆ మాటకి ఆడవాళ్ళంతా ఈలలేసినంత పని చేశారు. మూటలు ట్రక్కెక్కాయి. తెల్లారి బస్సు ఎవరూ ఎక్కలేదు. పక్క చేల ముఠాలు వరసకట్టి చూడటానికొచ్చాయి. చల్లటి గోడని చేత్తో తడిమి "ఏసీ ఎక్కడ దాచావే?" అని అడిగినవాళ్ళకి పున్నమ్మ "వెతుక్కోండి" అనేది, నవ్వు దాచుకోకుండా. ఇంకో ఇద్దరు మేస్త్రులు అక్కడికక్కడే హుస్సేన్ సాహెబ్ ఫోను నంబరు తీసుకున్నారు.

టీకొట్టు దగ్గరి మాటకి తెలియనిది ఒకటే. ఆ ఏడు కోతలు అయ్యేదాకా పున్నమ్మ ముఠాలో ఏ ఆడమనిషీ స్నానానికి చీకటి పడేదాకా ఆగలేదు.