నూకమ్మ మేడ మీద నీడ పడని చోటు

2023 మే నెల. సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది, భావనపాడులో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. చేపల వ్యాపారం చేసే నూకమ్మ ఇంటి మేడ మీద నేను కొలత టేపు పట్టుకుని తిరుగుతున్నాను. మాది చీపురుపల్లి. సోలార్ ప్యానెళ్లు ఎక్కడ, ఎంత వాలుతో పెట్టాలో లెక్కగట్టడం నా ఉద్యోగం.

గాలివాన వచ్చిందంటే ఆ ఊళ్లో కరెంటు రోజుల తరబడి ఉండదు. అందుకే ఆమె తన ఫ్రీజరు కోసం సోలారు, బ్యాటరీలు పెట్టిస్తోంది. ఫ్రీజరు ఆగకుండా నడిస్తే, వచ్చిన చేపను ఆ పూటే అయినకాడికి తెగనమ్ముకునే ఖర్మ తప్పుతుంది.

నీడ విషయంలో నాది వట్టి చాదస్తం. ప్యానెళ్లను గొలుసులా కలుపుతాం, దాన్ని స్ట్రింగ్ అంటాం. అందులో ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం స్ట్రింగ్ కుంటుతుంది. అలా పోయే కరెంటే షేడింగ్ లాస్. కొబ్బరిచెట్లు, నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, చివరికి టీవీ డిష్ కూడా కంప్యూటర్లో ఎక్కించి, ఏ నెలలో ఏ గంటకు దేని నీడ ఎక్కడ పడుతుందో చూశాను. టిల్ట్, అంటే వాలు, దక్షిణానికి పెట్టాను.

"అమ్మా, మీ ఇంటి మొత్తం మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ పడని చోటు ఇదొక్కటే" అన్నాను గొప్పగా.

"ఆ సంగతి నాకు తెల్దేటి బాబూ!" అని నవ్వింది. ఆ నవ్వేమిటని అడగాల్సింది. అడగలేదు.

నేను చెప్పిన చోటే ప్యానెళ్లు బిగించారు. వేట మొదలైన రెండు వారాలకు నూకమ్మ నుంచి ఫోను వచ్చింది. "బాబూ, నీ సోలారు మమ్మల్ని ముంచీసినాది. లైను కరెంటు పోయి రెండ్రోజులైనాది. కోనాం సేపలన్నీ మెత్తబడిపోయినాయి. ఒక్కటీ పనికి రాదు."

వెంటనే బస్సెక్కి, ఫోనులో ఆ ప్యానెళ్ల రికార్డు చూశాను. పొద్దున్నే చక్కగా లేచిన కరెంటు ఎనిమిదింటికల్లా చతికిలబడుతోంది, మధ్యాహ్నం దాకా లేవడం లేదు. మబ్బుల్లేవు. ఇన్వర్టరు బిగించినవాళ్లను దారి పొడవునా తిట్టుకున్నాను.

మేడ మెట్లెక్కి అక్కడే నిలబడిపోయాను. నా ప్యానెళ్ల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పాత వలలు పరిచి, వేలెడేసి చిన్న చేపలు, నెత్తళ్లు ఎండేశారు!

"అమ్మా! ఏమిటిది?"

"నెత్తళ్లు" అంది, నాకు కళ్లు కనబడవేమో అన్నట్టు. "ఇసకలో ఎండేస్తే ఇసకంటుకుంటాది. నీ అద్దాలు ఏటవాలుగా ఉన్నాయి, నీళ్లు జారిపోతన్నాయి. మద్దేన్నానికి గలగల్లాడతన్నాయి."

"దీని మీద నీడ పడకూడదని చెప్పానా లేదా?" అరిచేశాను.

"సెట్టు నీడని సెప్పినావు. సేపల మాట సెప్పినావేటి? మా అత్త కాలం నుంచీ ఇక్కడే ఎండేస్తన్నాం. ఎండున్న జాగా అంతా నువ్వే తీసేసుకున్నావు. మరి మా సేపలెక్కడ ఎండాల? నువ్వే సెప్పు."

చెంప మీద కొట్టినట్టయింది. నేను కొలిచింది వేట లేని రోజుల్లో. మేడ ఖాళీగా కనబడితే ఏడాదంతా ఖాళీగానే ఉంటుందనుకున్నాను. చెట్టు ఏటా ఎంత ఎదుగుతుందో లెక్కగట్టిన పెద్దమనిషిని, ఆ ఇంటి వాళ్లను ఒక్క మాట అడగలేదు.

నెత్తళ్లు ఎత్తించి చూస్తే రెండు ప్యానెళ్లలో గోధుమరంగు మచ్చలున్నాయి. నీడ పడిన భాగం వేడెక్కి ఇలా కాలడాన్ని హాట్‌స్పాట్ అంటాం. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే మంటలే అంటుకునేవేమో. కింద పెరట్లో పాడైన కోనాం చేపలను గోతిలో పూడుస్తున్నారు. అటు చూడలేకపోయాను. నూకమ్మ మాత్రం నా సంచిలోంచి టేపు తీసి నా చేతికే ఇచ్చి, "మల్లీ కొలు బాబూ" అంది.

మళ్లీ కొలిచాను. ప్యానెళ్లను పెరట్లో పడమటి వైపున్న రేకుల షెడ్డు మీదికి మార్చాం. అక్కడ సాయంత్రం కొబ్బరి నీడ పడుతుంది. తెలిసే ఒప్పుకున్న నష్టం అది, దానికి సరిపడా ఇంకో ప్యానెల్ కలిపాను. మేడ నెత్తళ్లకు వదిలేశాం. ఫ్రీజరు మళ్లీ ఆగలేదు.

అప్పటినుంచి ఎవరి మేడ ఎక్కినా టేపు తీసే ముందు, ఇక్కడ ఏం ఎండేస్తారని అడుగుతున్నాను. మొన్న కోటబొమ్మాళిలో ఇంటాయన "ఏటీ ఎండెయ్యం బాబూ, ఏడాదంతా ఖాళీయే" అన్నాడు. వెనక నుంచి ఆయన భార్య, "మరి నా వడియాలో?" అంది.

టేపు జేబులో పెట్టి, ముందు ఆవిడ చెప్పేది రాసుకున్నాను.